బొట్టు పెట్టిన బోల్టులు

"ముందర బంపరుకు బిగిస్తే అయిపోతది గదా భిక్షపతీ," అన్నాడు దశరథ సారు.

నేను పానా కింద పెట్టి ఆయన మొహంలోకి చూశాను. తమాషాకు అన్న మాట కాదది. ఇంజనీరు చదువు చదివిన మనిషి, మా వర్క్‌షాపుకు పెద్ద. కోపం దిగమింగుకొని జవాబు చెప్పాను.

"బంపరు బండికి తగిలిచ్చింది సార్, బండి కాదు. దానికి వించి బిగిస్తే, తలుపు ఇడిచిపెట్టి పరదకు గొళ్లెం పెట్టినట్టయితది. లాగినప్పుడు బంపరొక్కటే పోతది, బండి ఈడనే ఉంటది."

ఆయన కాసేపు ఆలోచించి, తనూ అదే అనుకుంటున్నానని చెప్పి వెళ్లిపోయాడు.

ఇది అరవై రెండులో మాట. నందికొండ దగ్గర డ్యాం కడుతున్నారు. మాది క్వారీ నుంచి రాయి తోలే ఒక కంట్రాక్టరు వర్క్‌షాపు. రేకుల కొట్టం, ఒక లేతు మిషను, ముప్పై లారీలు. ఆ ముప్పైలో ఏ రోజు చూసినా పది మంచాన పడి ఉండేవి. నేను అక్కడ ఫిట్టర్ని. మా తాతముత్తాతలది మగ్గం. దాని ముందు కుదురుగా కూర్చునే ఓపిక నాకు లేదని తేలాక మా బాపు నన్ను ఇనుముకు అప్పగించాడు. ఇనుముతో నాకు ఎప్పుడూ పేచీ రాలేదు. మనుషుల సంగతి వేరు.

వించి అంటే తెలియనివాళ్లకు చెప్తాను. ఒక ఇనుప డోలు, దాని మీద చుట్టిన ఉక్కుతీగల మోకు. ఇంజను తిప్పితే డోలు తిరిగి మోకును చుట్టుకుంటుంది. మోకు చివర ఏది కట్టి ఉంటే అది రావాలి. అది రాకపోతే వించి ఉన్న బండే దాని దగ్గరికి పోవాలి. రెండూ కదలకపోతే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి తెగాలి. దీని శాస్త్రమంతా ఇంతే. మిగతాది బోల్టులు.

మాకు దానితో నిజంగానే అవసరముండేది. క్వారీ దారిలో ఒక ఎగుడుంది. వానాకాలం వస్తే రాయి నింపిన లారీలు దాన్ని ఎక్కలేక వెనక్కి జారేవి. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క కృష్ణ దాకా లోయ. అప్పటికి రెండు లారీలు ఆ పక్కకు పోయాయి. ఒక డ్రైవరు ఒక కాలుతో బయటపడ్డాడు, అంటే రెండో కాలు అక్కడే ఉండిపోయింది. రెండో డ్రైవరు గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు.

వించిని సికింద్రాబాదులో మిలట్రీ సామాను వేలంలో కొన్నారు. దాని కాగితాలు వెనక వస్తాయన్నారు. అవి వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు. కాగితాలు వచ్చేసరికి ఏడాదైంది, ఆ డోలు సందులో కోడి రెండుసార్లు పొదిగింది. ఆ తరువాత ఒక సోమవారం దశరథ సారు వచ్చి, గురువారం పెద్ద ఇంజనీరు వస్తున్నాడని, ఆయన కళ్ల ముందు వించి లారీని లాగాలని చెప్పాడు. ఏడాది పడుకున్న సామానుకు మూడు రోజుల వ్యవధి ఇచ్చారు.

మిలట్రీ వాళ్ల పాత ఆరు చక్రాల బండి ఒకటి మా దగ్గర ఉండేది. దాని ముందు భాగంలో, బండి బరువంతా మోసే అడుగు ఛాసీ బద్దలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా మందపాటి ఇనుప పలక వేశాను. పలక మీద వించి కూర్చుంటుంది. వెల్డింగు పెట్టమన్నారు, పెట్టనన్నాను. ఛాసీకి మంట తగిలిన చోట ఇనుము పెళుసవుతుంది. పక్కకు ఎనిమిది చొప్పున పదహారు బోల్టులు, ఒక్కోదానికి వదులు కాకుండా స్ప్రింగు వాషరు.

ఇక్కడ బొట్టు సంగతి చెప్పాలి. వర్క్‌షాపులో ఫిట్టర్లం ఇద్దరం. పొద్దున ఆరు నుంచి రెండు దాకా నేను, రెండు నుంచి కురుమయ్య. ఒకరి మొహం ఒకరం చూసుకునేది తక్కువ. నేను ఏది బిగించానో, ఏది బిగించలేదో అతనికి తెలియాలి. సుద్దతో గీస్తే గ్రీజు మీద నిలవదు. రంగు అడిగితే స్టోరు ఆయన తాళంచెవి కోసం వెతికేవాడు, సాయంత్రం దాకా వెతికేవాడు. మా అమ్మ శుక్రవారం శుక్రవారం మగ్గానికి బొట్టు పెట్టేది. అది గుర్తొచ్చి, గ్రీజులో కుంకుమ కలిపి ఒక డబ్బీలో పెట్టుకున్నాను. బోల్టును పానాతో ఆఖరుదాకా బిగించాక దాని తల మీద ఒక బొట్టు. మొదట కురుమయ్య నవ్వాడు. నెల తిరక్కుండా తనూ పెట్టడం మొదలుపెట్టాడు. మూడేళ్లలో బొట్టున్న బోల్టు ఒక్కటీ వదులుగా దొరకలేదు.

డ్రైవర్లకూ ఇది తెలుసు. యోహాను రోజూ బండి తీసే ముందు వంగి చక్రాల బోల్టులు చూసేవాడు. అతను నాకు పక్కింటి మనిషి. ఒక బీడీ ఇద్దరం తాగేంత స్నేహం.

"నా మెడల సిలువున్నది, బండికి నీ బొట్టున్నది. ఇగ నాకేం ఫికర్," అనేవాడు.

మా దగ్గర నీళ్లు మోసే ఆమె లక్ష్మీనర్సమ్మ. ఆమెదీ మగ్గాల ఇల్లే. భర్త ఛాతీ జబ్బుతో నలభై నిండకముందే పోతే పని వెతుక్కుంటూ నందికొండ వచ్చింది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఏదైనా బండి బయలుదేరుతుందంటే ఆమె కడవ పట్టుకొని కొట్టం వెనక్కి పోయేది, బయలుదేరేవాళ్లకు ఎదురు పడకుండా. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, చేయొద్దనీ ఎవరూ చెప్పలేదు. నాకది చూస్తే ఒళ్లు మండేది.

"బండికి గూడ పట్టింపు ఉంటదా అక్కా," అన్నాను ఒకసారి.

"బండికి లేదు తమ్మీ. మనుషులకున్నది," అంది, నీళ్లు పోస్తూనే.

బుధవారం మధ్యాహ్నానికి పదకొండు బోల్టులు బిగించి బొట్లు పెట్టాను. మిగిలిన అయిదూ కుడి పక్కవి. నట్లు చేత్తో ఎక్కించి వదిలేశాను, ఎందుకంటే స్టోరులో స్ప్రింగు వాషర్లు పదకొండే ఉన్నాయి. పదహారు కావాలని రాసిచ్చిన చీటీ చూపిస్తే, పదకొండు ఇచ్చినందుకు సంతోషించమన్నట్టు చూశాడు స్టోరు ఆయన. కురుమయ్య పనిలోకి వచ్చేటప్పుడు ఇంకో వర్క్‌షాపు నుంచి అయిదు తెస్తానని కబురు పంపాడు. రెండింటికి నేను ఇంటికి పోయాను. అయిదింటికి బొట్టు లేదంటే కురుమయ్యకు వేరే చీటీ అక్కరలేదు.

ఆ సాయంత్రమే యోహాను లారీ ఎగుడు మీద కూరుకుపోయింది. నిండా రాయి. వెనక చక్రానికీ లోయకూ మధ్య గజమున్నర నేల మిగిలింది. చక్రాల వెనక బండలు పెట్టి ఆపారు. మామూలుగానైతే రాయి దించి, బండిని ఖాళీ చేసి, ముప్పైమంది మోకుతో లాగేవారు. దశరథ సారు వద్దన్నాడు. పెద్ద ఇంజనీరుకు చూపించడానికి ఇంతకన్నా మంచి లారీ దొరకదన్నాడు. రాయితో సహా లాగాలన్నాడు.

గురువారం పొద్దున నేను వచ్చి చూస్తే పదహారింటికీ బొట్లున్నాయి. కురుమయ్య పని ముగించాడని సంతోషించాను. అతను బొట్టు పెడితే వేలితో రాసినట్టు ఉండేది. కుడి పక్క అయిదూ మాత్రం గుండ్రంగా, మధ్యలో, ముద్దుగా ఉన్నాయి. చూశాను. పెద్ద ఇంజనీరు వస్తున్నాడని శ్రద్ధ పెట్టాడనుకున్నాను. పానా చేతిలోనే ఉంది. మూడేళ్లు అబద్ధమాడని బొట్టు మీద పానా పెడితే కురుమయ్యను అనుమానించినట్టు ఉంటుందనిపించింది. బండి తియ్యమని మిలట్రీ బండి డ్రైవరు జంగయ్యకు చెప్పాను.

ఎగుడు పైన బండిని నిలబెట్టాం. దాని వెనక భాగాన్ని గుట్ట బండకు గొలుసుతో కట్టించాను. మోకు కిందికి దింపి యోహాను లారీకి తగిలించాం. డోలు మీద అయిదు చుట్లు మిగలాలి, మిగిలాయో లేదో నేనే లెక్కపెట్టాను. గోనెసంచులు తడిపి మోకు మీద వేయించాను, తెగితే ఎగిరి రాకుండా. మోకు పొడవునా అటూ ఇటూ ఎవరూ ఉండొద్దని జనాన్ని గుట్ట ఎక్కించాను. సూపర్‌వైజరు పర్వతాలు ఎక్కనని మొరాయిస్తే, తెగిన మోకు మనిషిని రెండు చేస్తుందనీ, ఏ ముక్కకు హాజరు వేయాలో తేల్చుకోవడం కష్టమవుతుందనీ చెప్పాను. ఎక్కాడు.

యోహాను తన లారీలో స్టీరింగు పట్టుకొని కూర్చోవాలి. లేకపోతే చక్రాలు లోయ వైపు తిరుగుతాయి. లారీ ఒక మూర ముందుకు వస్తే బండలు వెనకబడిపోతాయి. అక్కడి నుంచి పైదాకా నలభై గజాలు యోహానును పట్టుకొని ఉండేది మోకు. మోకును పట్టుకొని ఉండేవి పదహారు బోల్టులు. అతను ఎక్కే ముందు మిలట్రీ బండి దగ్గరకు వచ్చి వంగి చూశాడు.

"అన్నిటికున్నయా?"

"అన్నిటికున్నయి," అన్నాను.

అతను ఎగుడు దిగిపోయి తన లారీ ఎక్కాడు.

పెద్ద ఇంజనీరు మెత్తటి మనిషి. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న పుస్తకం. వించి చుట్టూ తిరిగి చూసి, ఈ ఎర్ర చుక్కలు ఏమిటని అడిగాడు. దశరథ సారు నా వైపు చూశాడు. నాకు గర్వం పొంగింది.

"బొట్టున్నదంటే పానాతోటి ఆఖరుదాక బిగిచ్చినట్టు సార్. బిగియ్యందానికి మేం బొట్టు పెట్టం. పదహారింటికున్నది, చూస్కోండ్రి."

ఆయన వెనక లక్ష్మీనర్సమ్మ గ్లాసులో నీళ్లు పట్టుకొని నిలబడి ఉంది. ఆయన చెయ్యి చాపితే ఆమె గ్లాసు ఇవ్వలేదు. నా మాట విని అలాగే ఉండిపోయింది. నేను దాన్ని పట్టించుకోకుండా జంగయ్యకు చెయ్యి ఊపాను.

డోలు తిరిగింది. బురదలోంచి మోకు లేచి తిన్నగా అవుతోంది. అప్పుడు ఆమె గ్లాసు కింద పెట్టి నడుచుకుంటూ వచ్చి మోకు ముందు, బండికి నాలుగు అడుగుల దూరంలో నిలబడింది.

నా కళ్లు ఎర్రబడ్డాయి. ఏ చోట ఎవరూ ఉండొద్దని పొద్దుటి నుంచి మొత్తుకుంటున్నానో ఆ చోటే ఆమె ఉంది.

"అక్కా, జరుగు. మోకు తెగితే చస్తవు."

జరగలేదు. జంగయ్య క్లచ్చు తొక్కి డోలు ఆపాడు. గుట్ట మీద నుంచి పర్వతాలు అరిచాడు.

"ముండమోపిదానివి, మంచి పని మొదలువెడుతుంటె ఎదురొస్తవా? నీకు బుద్ధున్నదా?"

ఆమె అతని వైపు చూడలేదు.

"తమ్మీ, అయిదు నేను పెట్టిన," అంది నాతో.

"ఏం పెట్టినవు?"

"బొట్లు. తెల్లారంగ నీళ్లు నింపుదామని వచ్చిన. పదకొండింటికున్నయి. అయిదు బోసిగున్నయి. చూస్తుంటె నా నొసలే కనవడ్డది తమ్మీ. నీ డబ్బీల కుంకుమున్నది. ఎవ్వరు లేరు. పెట్టిన." గుట్ట మీదికీ వినపడేట్టే చెప్పింది. "పూజకు పెట్టినవనుకున్న. బిగిచ్చిన గుర్తని నాకెర్కలేదు. ఇప్పుడు నువ్వు సారుకు చెప్తుంటె ఎర్కయింది."

ఆ మాట గుట్ట మీదున్న అరవైమందీ విన్నారు. ముండమోపి చేతితో బొట్టు పెట్టింది, అదీ కొత్త సామానుకు, అదీ ఎవరూ చూడకుండా. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్తే ఏమవుతుందో ఆమెకు మా అందరికన్నా బాగా తెలుసు.

నేను మోకు వదులు చేయించి బండి కుడి పక్కకు వెళ్లాను. మొదటి నట్టును రెండు వేళ్లతో పట్టుకున్నాను. తిరిగింది. రెండోదీ తిరిగింది. అయిదూ తిరిగాయి, చిన్నపిల్లల ఆటబొమ్మ తిరిగినట్టు. కింద వాషర్లు లేవు. కళ్లెత్తి చూస్తే నలభై గజాల కింద యోహాను లారీ కిటికీలోంచి తల బయటపెట్టి, ఎందుకు ఆపారని చేత్తో అడుగుతున్నాడు. బండి దిగమని చేత్తో సైగ చేశాను.

జీపు పంపి కురుమయ్యను తెప్పించారు. బుధవారం రెండింటికి వర్క్‌షాపు గేటు దగ్గరే అతణ్ణి జీపులో ఎక్కించుకొని, పునాది గుంటలో మునిగిన పంపు బాగు చెయ్యడానికి తీసుకుపోయారట. రాత్రంతా అక్కడే ఉన్నాడు. అయిదు వాషర్లూ రుమాలు కొంగున కట్టుకొని ఉన్నాయి.

"నేను రాకుంటె నువ్వు ఆగుతవనుకున్న," అన్నాడు.

"నువ్వు వస్తవనుకున్న," అన్నాను.

ఇద్దరం కలిసి బిగించాం. పెద్ద ఇంజనీరు బండ మీద కూర్చొని చాయ్ తాగాడు. నేను ఆ అయిదు బొట్లనూ గుడ్డతో తుడిచేశాను. కొత్త బొట్టు పెట్టబోతుంటే పర్వతాలు దిగివచ్చాడు.

"ఆగు. ఇట్ల కాదు. మేస్త్రీ పెండ్లాం ఆండాళును పిలుస్త. ముత్తయిదువతోటి పెట్టిస్తె దోషం పోతది."

దశరథ సారు అది మంచిదేనన్నట్టు తల ఊపాడు. ఈలోగా యోహాను బురదలో ఎక్కుతూ పైకి వచ్చాడు. జరిగినదంతా అతనికి జంగయ్య చెప్పాడు. అతను విని, ఆ అయిదు బోల్టులనూ చూసి, నోట్లో బీడీ పెట్టుకొని, ముట్టించడం మరిచిపోయాడు.

"ఆమెతోనే పెట్టియ్యుండ్రి," అన్నాడు.

"నువ్వు కిరస్తానపోనివి, బొట్టు ఎవలు పెడితె నీకేంది?" అన్నాడు పర్వతాలు.

"కింద బండిల కూసునేది నేను పర్వతాలన్నా. నువ్వు కూసుంటానంటె నీకు నచ్చినోళ్లతోటి పెట్టియ్యి."

పెద్ద ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. దశరథ సారు ఆ గడియారాన్ని చూసి, సరే కానివ్వండన్నాడు.

"నేను పెట్టద్దు బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ యోహానుతో.

నేను బొట్టు డబ్బీ ఇవ్వలేదు. పొడుగు పానా ఇచ్చాను.

"ముందుగాల బిగిసిందో లేదో చూడు అక్కా. కదిలిందా, మల్ల బిగిస్త. కదలకుంటెనే బొట్టు."

ఆమె పానాను నట్టుకు తగిలించి రెండు చేతులతో నొక్కింది. కదల్లేదు. చాలలేదనుకుందేమో, కాళ్లు నేల మీద నుంచి ఎత్తి పానాకు వేలాడింది. బక్క మనిషి, అటూ ఇటూ ఊగింది. నట్టు కదల్లేదు. దిగి, కుంకుమ తీసి, గుండ్రంగా పెట్టింది. అయిదింటికీ అలాగే వేలాడి చూసి పెట్టింది. జనంలో ఎవరూ నవ్వలేదు.

యోహాను వెళ్లి తన లారీలో కూర్చున్నాడు. జంగయ్య డోలు తిప్పాడు. చక్రాలు బండలను వదిలాయి. నేను లారీని చూడలేదు, పలకనే చూస్తూ కూర్చున్నాను. మోకు కిర్రుమంది, ఛాసీ మూలిగింది, పలక గోరంత కూడా జరగలేదు. కొంతసేపటికి నా పక్కన లారీ చక్రాలు వచ్చి ఆగాయి. యోహాను దిగి, బురదలో కూర్చొని, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

పెద్ద ఇంజనీరు వించిని బాగా అమర్చావని నన్ను మెచ్చుకున్నాడు. తరువాత పుస్తకం తెరిచి, ఇందాకటి పొరపాటు ఎవరిదని దశరథ సారును అడిగాడు.

"నీళ్లు మోసే ఆడమనిషి సార్. తెల్వక చేసింది."

ఆయన రాసుకున్నాడు. నేను రెండు గజాల దూరంలో పానా తుడుస్తూ ఉన్నాను. ఆ పానా పొద్దున కూడా నా చేతిలోనే ఉంది. ఆ అయిదు బొట్లూ కురుమయ్యవి కాని తీరులో ఉన్నాయని నా కళ్లు చూశాయి. ఆమెకు ఆ గుర్తు తెలియదు. నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరవలేదు. అరవైమంది ముందు ఆమె నిలబడ్డ చోట నేను నిలబడలేకపోయాను. ఆ నెలాఖరున ఆమెను వర్క్‌షాపు నుంచి తీసి రాయి కొట్టే పనికి పంపించారు.

ఆ సాయంత్రం ఇంటి ముందు యోహానుకు మాత్రం చెప్పాను. పొద్దున నాకు అనుమానం వచ్చిందని, పానా పెట్టి చూడలేదని చెప్పాను. అతను బీడీ ఆఖరుదాకా తాగాడు. నాకు సగం ఇవ్వలేదు.

"నాకు చెప్పినవు," అన్నాడు చివరికి. "చెప్పవలసింది నాకు కాదు."

లేచి ఇంట్లోకి పోయాడు.